అత్త పెళ్లికి మూడో ప్రకటన

పోయిన ఆదివారం హనుమకొండలో మేము వెళ్లే గుడిలో, అంటే చర్చిలో, ఒక పెళ్లి ప్రకటన చదివారు. చదివారనడం కూడా మర్యాద కోసమే. గోడ మీది తెరపై అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ పూలదండ బొమ్మ మధ్య ఒకసారి మెరిశాయి, మైకు పట్టుకున్న కుర్రాడు మొదటి, రెండవ, మూడవ ప్రకటనలను ఒకే ముద్దగా కలిపి మింగేసి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపాలని అడిగి, ఆ అడిగిన ఊపిరితోనే స్కూటర్లు గేటుకు అడ్డంగా పెట్టవద్దని కూడా చెప్పాడు. నాకు నవ్వు ఆగలేదు. మా ఆవిడ మోచేతి దగ్గర గిల్లింది. యాభై ఏళ్లుగా అదే చోట గిల్లుతోంది గనుక అక్కడ నాకు స్పర్శ పోయి చాలాకాలమైంది. నవ్వు మాత్రం తొందరగానే పోయింది, ఎందుకంటే అదే ప్రశ్నకు జవాబు కోసం మా ఇల్లంతా మూడు ఆదివారాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న సంగతి గుర్తుకొచ్చింది.

అరవై దశకం మొదట్లో మాట. కాజీపేట రైల్వే కాలనీ చివర మా గుడి ఉండేది. రేకుల కప్పు, మగవాళ్లకు బల్లలు, ఆడవాళ్లకు చాపలు, గంట కొనే స్తోమత లేక చూరుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని బోల్టుతో కొడితే కాలనీ మొత్తం లేచేది, విశ్వాసులూ అవిశ్వాసులూ అన్న తేడా లేకుండా. పాస్టరు అయ్యగారు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కరే కావడంతో మాకు నెలకొక్కసారి దొరికేవారు. మిగతా ఆదివారాలు సంఘపెద్దగా మా బాపే ఆరాధన నడిపేవాడు. బాపు గూడ్సుబండి గార్డు. వాక్యం కూడా గూడ్సుబండి నడిపినట్టే చదివేవాడు. ఒక గ్రంథం మొదలుపెడితే ఆదివారానికి మూడు అధ్యాయాల లెక్కన, ఏ చిన్న స్టేషనూ దాటేయకుండా, చివరిదాకా పోవాల్సిందే. ఎవరు ఎవరిని కన్నారో చెప్పే పొడుగాటి వంశావళులు వచ్చినా ఒక్క తాతను కూడా వదిలేవాడు కాదు. అప్పుడే లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో చేరిన నాకు ఆ పఠనం మంచి నిద్రనిచ్చేదని చెప్పుకోవడానికి ఇప్పుడు భయం లేదు.

మా ఇంట్లో బాపు, అమ్మ, నేను కాక బాపమ్మ, అంటే బాపు తల్లి, ఆమె కూతురు అత్త ఉండేవాళ్లు. అత్తకు అప్పటికి ముప్ఫై దాటి కొన్నేళ్లయింది. పెళ్లి కాలేదు. కాలేదనేకంటే, ఆ మాట ఆమె విషయంలో ఎవరికీ తోచలేదనాలి. ఆమె పసిదిగా ఉన్నప్పుడు ఊళ్లో గత్తర, అంటే కలరా, వచ్చి ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారట. ఈ పిల్లకూ వాంతులు మొదలైనప్పుడు బాపమ్మ పొయ్యి పక్కనే మోకాళ్ల మీద పడి, ఇదొక్కటి బతికితే నీకే ఇచ్చేస్తాను ప్రభువా అని మొక్కుకుందట, బైబిల్లో సమూయేలును వాళ్ల తల్లి హన్నా ఇచ్చినట్టు. పిల్ల బతికింది. ఆ రోజునుంచి అత్త దేవుని సొత్తు. పెద్దయ్యాక మిషను దవాఖాన తరఫున బైబిలమ్మగా, భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని, నర్సంపేట దిక్కు పల్లెలు తిరుగుతూ ఆడవాళ్లను కూర్చోబెట్టి కథలు చెప్పేది, పుండ్లకు మందు రాసేది, చీకటి పడేలోగా బస్సు దొరికితే ఇంటికి చేరేది. నాకు తెలిసినంతవరకు ఆమెకు ఈ లోకంలో ఉన్న కోరికలు రెండే: చాయ్ నాలుక కాలేంత వేడిగా ఉండాలి, బస్సులో కిటికీ పక్కన చోటు దొరకాలి.

బుధవారం సాయంత్రాలు ఇళ్లల్లో ప్రార్థన కూడిక జరిగేది. అందరూ గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరు తమ మనవి పైకి చెప్పాలి. చెప్పినవాళ్ల కోసం కుడిపక్కన కూర్చున్నవాళ్లు గట్టిగా ప్రార్థించాలి. ఇదీ పద్ధతి. దాదాపు ఎప్పుడూ అవే మనవులు: వాన కురవాలి, మోకాలు నొప్పి తగ్గాలి, ఫలానా సూపర్వైజరు మనసు మెత్తబడాలి. ఆ సూపర్వైజరు మనసు కోసం మేము ఏళ్ల తరబడి ప్రార్థించాం, ఆయన మనసు మెత్తబడకుండానే రిటైరయ్యాడు. ఒక బుధవారం మా ఇంట్లోనే కూడిక. అత్త వంతు వచ్చింది. ఆమె కొంగు సర్దుకుని, పప్పులో ఉప్పు చాలిందా అని అడిగే గొంతుతోనే అన్నది:

"నాకు పెండ్లి చేసుకోవాల్నని ఉన్నది. నర్సంపేట కాంపౌండరు అడిగిండు. దాని కోసం ప్రార్థన చెయ్యిండ్లి."

నేను వెంటనే చూసింది అత్త ముఖం కాదు, ఆమె కుడిపక్క ఎవరున్నారా అని. బాపు ఉన్నాడు. పద్ధతి ప్రకారం ఆయనే ప్రార్థించాలి, సంఘం మొత్తం కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది. బాపు గొంతు సవరించుకుని, ప్రభువా, నీ దాసురాలి మనసులోకి ఏది వచ్చిందో నీకు తెలుసు, దానిని నువ్వే నిమ్మళపరచు అని, దానిమీద ఆమెన్ వేసేశాడు. గార్డుగిరిలో దీన్ని బండి కదలకముందే ఎర్రజెండా చూపడం అంటారు. బాపమ్మ మాత్రం ఆమెన్ కూడా అనలేదు. కూర్చున్నచోటే చెయ్యి చాచి, చీకట్లో వెతుక్కుంటున్నట్టు, కూతురి నుదురు పట్టుకుని చూసింది, జ్వరం ఉందేమోనని.

అసలు భయం ఆ చేతిలో ఉంది, అది తెలియకపోతే మా ఇంట్లో వాళ్లంతా రాతిగుండె మనుషులనిపిస్తారు. ఇచ్చిన మొక్కు వెనక్కి తీసుకుంటే దేవుడు ఇచ్చిన పిల్లను వెనక్కి తీసుకుంటాడని బాపమ్మ నమ్మకం. బాపు కూడా తల్లి ముందు పైకి చెప్పలేదు గాని, చిన్నప్పుడు ఇద్దరు తోబుట్టువుల్ని మట్టిలో పెట్టడం చూసిన మనిషి, ఆయనకూ అదే దిగులు. కాంపౌండరు చెడ్డవాడు కాదు. భార్య పోయి ఐదారేళ్ల ఆడపిల్లతో ఉన్నాడు, నెత్తి మీద వెంట్రుకలు కూడా దాదాపు పోయాయి, మాటలు అంతకంటే తక్కువ. మా సందు మలుపులో కిరాణం నడిపే సేటు ఈ గొడవంతా విని బెల్లం తూస్తూ నన్ను అడిగాడు.

"మేం మొక్కుకుంటె తలెంట్రుకలిచ్చి బయటపడ్తం. మీ దేవుడేందిరా బాబు, మనిషికి మనిషినే పెట్టుకుంటడా?"

"మా దేవుడు అడగలేదు సేటూ, మా బాపమ్మే తొందరపడి ఇచ్చేసింది," అన్నాను. సరదాకు అన్నమాటే. అది నిజమేనేమోనని ఇంటికి వచ్చేదాకా అనిపిస్తూనే ఉంది.

నెలాఖరున అయ్యగారు వచ్చినప్పుడు ఇరుపక్షాల మాటా విన్నారు. అత్తను ఒక్కటే అడిగారు, ఇది నీ ఇష్టమేనా అని. ఇష్టమే అన్నది. అయితే ప్రకటన చదవాల్సిందే, వరుసగా మూడు ఆదివారాలు, ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే అక్కడితో ఆగుతుంది, లేకపోతే నేనొచ్చి పెళ్లి చేస్తాను అని చెప్పి, ఆ కాగితం బాపు చేతిలోనే పెట్టి వెళ్లిపోయారు. ఆగిందంటే మాత్రం ఇక ఆగినట్టే. కాంపౌండరు పిల్లను చూసుకునే అక్క ఆ కార్తెలోనే తన ఇంటికి వెళ్లిపోతోంది. ఆయన ఎవరినో ఒకరిని చేసుకోక తప్పదు. అత్తకు రెండో సంబంధం వచ్చే వయసూ కాదు, మా ఇంట్లో ఇంకోసారి ఆ మాట ఎత్తేంత ధైర్యం ఎవరికీ మిగలదు.

మొదటి ఆదివారం బాపు కావాలనే సమూయేలు గ్రంథం తెరిచాడు, ఒకటో అధ్యాయం. తల్లి మొక్కు, పసివాణ్ణి గుడిలో అప్పగించడం, రాత్రి దేవుడు పేరుపెట్టి పిలవడం, మూడు అధ్యాయాలూ చదివాడు. చదువుతూ ఒక్కసారి కూడా చాపల వైపు చూడలేదు, అలా చూడకపోవడం చూసినదానికంటే ఎక్కువైంది. తర్వాత జేబులోంచి కాగితం తీసి ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే, ఆలోగా యార్డులో షంటింగ్ చేస్తున్న ఇంజను ఒకటి గట్టిగా కూత పెట్టింది. ఇంజనుకు అభ్యంతరమున్నట్టుంది అని పక్కవాడి చెవిలో అన్నాను. వాడు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకు గుడంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, వాడేదో లేచి చెప్పబోతున్నాడని. పాపం, తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు.

రెండో ఆదివారానికి వాక్యం వరుసగా ముందుకు నడిచి యుద్ధంలో పడింది. ముసలి యాజకుడు ఏలీ పీఠం మీదనుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోవడం, ఊరూరా జనానికి గడ్డలు లేవడం, మందసం అనే పరిశుద్ధమైన పెట్టెలోకి తొంగిచూసినవాళ్లు కూలిపోవడం. మధ్యలో బంగారు ఎలుకలు కూడా వస్తాయి, మరో సమయంలో అయితే వాటి మీద జోకులేసుకుంటూ నేను వారం రోజులు బతికేవాణ్ణి. ఆ రోజు బాపమ్మ ముఖం చూశాక వాటిని వదిలేశాను. ఒక్కొక్క చావుకూ ఆమె చెయ్యి అత్త మోకాలి మీదికి పాకుతోంది. ప్రకటన చదివి బాపు మళ్లీ ఆగాడు, మళ్లీ ఎవరూ లేవలేదు. అత్త చాప మీది ఈనెలు చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే అత్తకు జ్వరం వచ్చింది.

పల్లెనుంచి వస్తూ వానలో తడిసింది, అంతే. వానాకాలం కాజీపేటలో జ్వరం రానివాళ్లనే అనుమానించాలి. కానీ ఆ మాట ఇంట్లో ఎవరికి చెప్పను? బాపమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది, అన్నం ముట్టలేదు. పొద్దున్నే పిడికెడు బియ్యం గుడికోసం విడిగా కుండలో వేయడం ఆమె అలవాటు. ఆ వారం పిడికెడు కాదు, దోసిళ్లతో వేసింది. అత్త కళ్లు తెరిచినప్పుడల్లా ఒక్కటే మాట.

"వద్దనవే బిడ్డా. వద్దను. ఇప్పుడన్న వద్దంటె ఇడిసిపెడ్తడు."

అత్త ఎండిన పెదాలతోనే నవ్వి అన్నది, "నాకు కావాల్నని ఆయనకు తెలిసినంక వద్దని అబద్ధం చెప్తే నమ్ముతడా అవ్వా?"

అది విన్నాక బాపు బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని బీడీ అంటించాడు. సంఘపెద్ద బీడీ తాగడం నేను చూడటం అదే మొదటిసారి, చివరిసారి కూడా. నా వైపు చూడకుండానే చెప్పాడు, ఎవరూ లేవకపోతే ఎల్లుండి నేనే లేస్తా, అభ్యంతరం నాకే ఉన్నదని చెప్తా, అది నన్ను జన్మంతా తిట్టుకున్నా సరే, బతికుంటె చాలు. నేను ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. నాకు ప్రతిదానికీ ఒక మాట ఉండేది, షెడ్డులో ఫోర్‌మన్ దగ్గర కూడా. ఆ సాయంత్రం మాత్రం లేచి లోపలికి వెళ్లి అత్తకు మంచినీళ్లు పట్టాను.

మూడో ఆదివారం పొద్దున జ్వరం ఇంకా విడవలేదు. అత్త ఇంట్లో ఉంటుందనుకున్నాం. ఆమె లేచి, దుప్పటి కప్పుకుని, నా భుజం పట్టుకుని గుడికి బయలుదేరింది. దారిలో ఆమె చెయ్యి కాలుతోంది, నడక మాత్రం బస్సు అందుకోవాల్సినదాని నడకే. వాకిట్లో చెప్పులు విడుస్తూ నన్ను ఒక వింత ప్రశ్న అడిగింది, మీ బాపు నిన్న డ్యూటీలో ఏమైనా అలసిపోయిండా, ఇయ్యాల మూడు అధ్యాయాలు చదువుతడు గదా అని. జ్వరంలో మాట అనుకుని ఊరుకున్నాను.

పాటలయ్యాయి. బాపు లేచి ఏడో అధ్యాయం చదివాడు. కాగితం ఉన్న జేబు మీద చెయ్యి వేసి, తీసేసి, ఎనిమిదో అధ్యాయం మొదలుపెట్టాడు. సమూయేలు ముసలివాడయ్యాడని, తన కొడుకులను న్యాయాధిపతులుగా పెట్టాడని చదివాడు. చదివి ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఆ వాక్యమే మళ్లీ, ఈసారి నెమ్మదిగా, పెద్దవాడి పేరూ రెండోవాడి పేరూ విడదీసి చదివాడు. మళ్లీ ఆగాడు. ఆయన పఠనంలో రెండు స్టేషన్ల మధ్య బండి నిలబడిపోవడం నా ఎరుకలో లేదు.

చాపల మీదనుంచి బాపమ్మ గొంతు లేచింది. ఆరాధన మధ్యలో ఆడవాళ్లు మాట్లాడే ఆనవాయితీ లేదు, ఆ సంగతి ఆ నిమిషంలో ఎవరికీ గుర్తులేదు.

"ఏందిరా, సమూయేలుకు కొడుకులున్నరా?"

"ఉన్నరే అవ్వా. ఇద్దరు."

"మరి పెండ్లి?"

"అయ్యే ఉంటది."

"దేవునికి ఇచ్చిన పిలగానికా?"

బాపు మళ్లీ పేజీలోకి చూశాడు. పుట్టినప్పటినుంచీ ఆ కథ విన్నవాళ్లమే అందరం, బడిలో బొమ్మల పటంలో కూడా చూసినవాళ్లమే. ఆ పటంలో సమూయేలు ఎప్పుడూ తెల్ల చొక్కా తొడుక్కుని దీపం పక్కన మోకరించిన పసివాడే. ఆ పిల్లవాడు పెరిగి, గడ్డం వచ్చి, ఇల్లాలినీ పిల్లల్నీ చూసుకుంటూ అలాగే దేవుని పనిలో ముసలివాడైపోయాడన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ముప్ఫై ఏళ్లు ఒక మనిషి బతుకును మూడో అధ్యాయం దగ్గర ఆపేసి, అదే దేవుని చిత్తం అనుకున్నాం.

"ఇన్నేండ్లు చెప్పకపోతివేందిరా?" అన్నది బాపమ్మ.

"ఎప్పుడు చదివినా గుర్తు పట్టలేదే అవ్వా," అన్నాడు బాపు. సంఘపెద్ద అందరి ముందూ అలా అనడం తేలిక కాదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

బాపమ్మ అంత త్వరగా లొంగే మనిషి కాదు. "ఆ కొడుకులు మంచోళ్లేనా?" అని అడిగింది. బాపు వేలితో వెతికి చూసుకుని, ఇబ్బందిగా, లంచాలు తిన్నరంట అన్నాడు. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ప్రమాణపూర్వకంగా నేను కాదు. అత్త దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ తల వంచుకునే ఉంది. తర్వాత బాపమ్మ చెయ్యి ఎప్పటిలా నుదుటి మీదికి వెళ్లింది. జ్వరం ఉందని తెలిసింది. అయినా చెయ్యి తీయకుండా అన్నది:

"నర్సంపేట పిల్లనన్న జర మంచిగ పెంచు."

ఆ తర్వాత బాపు కాగితం తీసి మూడో ప్రకటన చదివాడు. ప్రశ్న అడిగాడు. ఆగాడు, మునుపటి రెండుసార్ల కంటే ఎక్కువే ఆగాడు, ఎందుకంటే ఈసారి ఆగింది తన కోసం. అత్త తల ఎత్తి అన్న వైపు చూసింది, ఆ మూడు వారాల్లో మొదటిసారి. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. బాపు కాగితం మడిచి, అందులో రాయని మాట ఒకటి తనంతట తాను అన్నాడు, "అభ్యంతరం లేదు." అని, ఎనిమిదో అధ్యాయంలో మిగిలింది ముగించి తొమ్మిదోది కూడా చదివాడు. ఏమైనా సరే, మూడంటే మూడే.

జ్వరం మంగళవారానికి దిగిపోయింది. అద్భుతమని కాలనీలో కొందరు చెప్పుకున్నారు. దవాఖాన చేదు మాత్రల పాత్ర కూడా కొంత ఉందని నేనన్నాను.

పెళ్లయ్యాక నర్సంపేట వెళ్లే బస్సులో అత్తను కిటికీ పక్కన కూర్చోబెట్టి, బస్సు కదిలేలోపు నేను అడిగాను. ఊరూరా ఆ కథలు చెప్పిన మనిషివి, సమూయేలుకు కొడుకులున్నట్టు నీకు తెలియకుండా ఉంటుందా అని. ఆమె బయటికి చూస్తూ చాలా తేలిగ్గా అన్నది:

"తెలుసురా. నేను చెప్తే నా అక్కర కోసం చెప్పినట్టుంటది. అవ్వ భయం పోదు. అన్న నోటితోని రావాల్నని అడిగిన దేవుణ్ణి."

"రాకపోతే?"

"మీ బాపు ఒకటో అధ్యాయం తెరిసిన నాడే నా ఫికర్ సగం పోయింది. మొదలుపెడితె మధ్యల దిగే మనిషా?"

అందుకే ఆ జ్వరంలో ఆమె లేచి వచ్చింది. దేవుని మీద ఎంత నిరీక్షణ పెట్టుకుందో, అన్న వరుస తప్పడన్నదాని మీద కూడా అంతే పెట్టుకుంది. ఆ రెండూ వేరువేరని ఆమె అనుకున్నట్టు కూడా నాకు తోచలేదు. అయినా ఆ మూడు వారాలు ఆమె చాప మీది ఈనెలు చూస్తూ ఎంత వణికి ఉంటుందో, కాలుతున్న ఆ చెయ్యి నా భుజం మీద ఎంత బిగిసి ఉందో నాకు తెలుసు గనుక, నిబ్బరమంటే భయం లేకపోవడమని ఎవరైనా ప్రసంగిస్తే నేను ఇప్పటికీ నమ్మను.

అత్త నర్సంపేటలోనే ముసలిదై, కాంపౌండరు బిడ్డకు పిల్లలు పుట్టడం కూడా చూసి పోయింది. ఆ పిల్ల లంచాలు తినలేదు, టీచరయింది. బాపమ్మ, బాపు అంతకు చాలా ముందే వెళ్లిపోయారు. రేకుల గుడి స్థానంలో ఇప్పుడు మేడ లేచింది, పట్టా ముక్క ఏ పాతసామాన్ల కొట్టుకు చేరిందో తెలియదు.

మా హనుమకొండ గుడికీ ఇప్పుడు ఫోన్లో ఒక ప్రార్థనల గుంపు ఉంది. మనవులు పొద్దున్నే వచ్చి పడతాయి. సగానికి సగం, వ్యక్తిగత విషయం, ప్రార్థించండి, అని మాత్రమే ఉంటాయి. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ పెడతాను, ఎవరి కోసమో, దేని కోసమో తెలియకుండానే. తప్పేం కాదు, దేవునికి తెలిస్తే చాలు కదా. కానీ నాకు కావాలని ఉందని అందరి మధ్యా పైకి చెప్పే మనిషీ, ఇష్టం లేకపోయినా పక్కన కూర్చున్న పాపానికి దానికోసం నోరు తెరవాల్సిన మనిషీ ఇక కనిపించరు. పోయిన ఆదివారం ఆ కుర్రాడు స్కూటర్ల సంగతికి వెళ్లిపోయాక కూడా నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. ఏమైంది, మీకేమైనా అభ్యంతరమా అని మా ఆవిడ అడిగింది. లేదన్నాను. ఎవరో ఒకరు కాసేపు ఆగాలి కదా అని ఆగాను.